ఇంగ్లీషు, లిథువేనియన్ భాషల్లో గుర్రపుస్వారీ పదాలు

గుర్రం, దాని ఈడు, రంగు, నడక, దాని మీద వేసే జీను, నోట్లో పెట్టే కళ్లెం, ఎక్కినవాడు చేసే స్వారీ – వీటన్నిటికీ ఇంగ్లీషులోనూ లిథువేనియన్‌లోనూ పెద్ద పదసంపద ఉంది. రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందిన భాషలే. ఇంగ్లీషు జర్మానిక్ శాఖలోది, లిథువేనియన్ బాల్టిక్ శాఖలోది. అయినా రెండు పట్టికలనూ పక్కపక్కన పెడితే మాటకు మాట అమరదు. ఇంగ్లీషు అశ్వపదజాలం ఎక్కువభాగం ఇంగ్లండును ఏలినవాళ్ల, అక్కడ స్థిరపడ్డవాళ్ల భాషల నుంచి పొరలుపొరలుగా చేరింది. లిథువేనియన్ మాటలు చాలావరకు పొలంలోనూ లాయంలోనూ పుట్టాయి, గుర్రం ఏ పని చేస్తుందో దాన్నే పేరుగా పెట్టుకున్నాయి. ఈ తేడా పట్టుబడితే నిఘంటువులో కనిపించే చిక్కులు సగం విడిపోతాయి.

ఈ వ్యాసంలో లిథువేనియన్ మాటలను తెలుగు లిపిలో దగ్గరి ఉచ్చారణతో రాశాం. ‘జ’ ఉన్నచోట చాలాసార్లు పలకాల్సింది ఇంగ్లీషు ‘ప్లెజర్’ మాటలోని మెత్తని ధ్వని. దానికి తెలుగులో అక్షరం లేదు.

పోయిన మాట

సంస్కృతంలో అశ్వ, లాటిన్‌లో ఎక్వుస్, పాత ఇంగ్లీషులో ఎఓహ్, పాత లిథువేనియన్‌లో అష్వా. నాలుగూ ఒకే వేరు నుంచి మొలిచినవి. లిథువేనియన్‌లో అష్వా అంటే ప్రత్యేకించి ఆడగుర్రం. రెండు భాషలూ ఈ మాటను చేజార్చుకోవడం విశేషం. ఇంగ్లీషులో హార్స్ వచ్చి ఎఓహ్‌ను పక్కకు నెట్టింది. పాత కవిత్వంలోనూ, రూనిక్ లిపిలో ఒక అక్షరం పేరుగానూ తప్ప ఎఓహ్ మిగల్లేదు. లిథువేనియాలో అష్వా అనే చిన్న నది ఇప్పటికీ పారుతోంది కానీ, ఆ మాటతో గుర్రాన్ని పిలిచేవాళ్లు లేరు. పురాణగాథల్లో మాత్రం అష్వియెనియై ఉన్నారు. సూర్యదేవత సౌలే రథాన్ని లాగే కవలలు వాళ్లు. మన అశ్వినీ దేవతలకు దూరపు చుట్టాలు.

తెలుగులోనూ ఇంటిమాట గుర్రమే. అశ్వం సంస్కృతం నుంచి వచ్చి పుస్తకాల్లో స్థిరపడింది. హార్స్ పవర్‌ను అశ్వశక్తిగా అనువదించినవారు ఇంగ్లీషు వెయ్యేళ్ల కిందట వదిలేసుకున్న మాటను తెలియకుండానే తెచ్చి దాని పక్కన నిలబెట్టారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. లిథువేనియన్ అంటే సంస్కృతమేనని, ఒకటి వస్తే రెండోది అర్థమైపోతుందని మన దగ్గర అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. అది అతిశయోక్తి. రెండూ ఒకే పూర్వభాష నుంచి వేర్వేరు దారుల్లో వచ్చాయి. ఒకదాని నుంచి మరొకటి పుట్టలేదు, అరువూ తెచ్చుకోలేదు. పోలికలు మాత్రం నిజమైనవే, అవి ఈ వ్యాసంలో ఇంకా ఎదురవుతాయి.

గుర్రప్పాలు, ఆస్తి పందెం

ఇంగ్లీషు భాష బాల్టిక్ గుర్రాల గురించి చెప్పిన తొలి ముచ్చట తొమ్మిదో శతాబ్దం చివరిది. ఆల్ఫ్రెడ్ రాజు కాలంలో ఒరోసియస్ చరిత్రగ్రంథాన్ని పాత ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు అందులో వుల్ఫ్‌స్టాన్ అనే నావికుడి ప్రయాణ కథనాన్ని చేర్చారు. అతను హెదెబీ రేవు నుంచి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఓడ నడిపి ట్రూసో చేరాడు. ఆ ఊరు ఇప్పటి పోలండ్‌లోని ఎల్బ్లాంగ్ దగ్గర ఉండేది. అక్కడి జనాన్ని అతను ఎస్తె అన్నాడు. వాళ్లు లిథువేనియన్లకు సోదరజాతి అయిన పాత ప్రష్యన్లని పండితుల అభిప్రాయం.

అక్కడ రాజు, సంపన్నులు ఆడగుర్రం పాలు తాగుతారని, పేదలు, బానిసలు తేనెతో కాచిన మద్యం తాగుతారని వుల్ఫ్‌స్టాన్ చెప్పాడు. అంతకన్నా వింతైన సంగతి ఇంకొకటి ఉంది. మనిషి చనిపోతే శవాన్ని నెల, రెండు నెలలు ఇంట్లోనే ఉంచి విందులు, ఆటలు సాగిస్తారు. దహనం రోజున, ఆ విందులకు ఖర్చు కాగా మిగిలిన ఆస్తిని అయిదారు కుప్పలు చేస్తారు. అన్నిటికన్నా పెద్ద కుప్పను ఊరికి మైలు దూరంలో పెట్టి, చిన్నవాటిని వరసగా ఊరికి దగ్గరగా పేర్చుకుంటూ వస్తారు. ఆ చుట్టుపట్ల వడిగల గుర్రాలున్నవాళ్లంతా అయిదారు మైళ్ల అవతల కూడి పరుగు పెట్టిస్తారు. ముందు చేరినవాడికి పెద్ద కుప్ప దక్కుతుంది. అందుకే ఆ దేశంలో వేగంగా పరుగెత్తే గుర్రాలకు విపరీతమైన ధర అని అతను ముక్తాయించాడు. వారసత్వ చట్టం గుర్రం కాళ్ల మీద నడిచిన దేశం అది!

ఈ కథకు తోకలాంటి సంగతి మరో నాలుగైదు శతాబ్దాల తర్వాత అదే ప్రాంతంలో నమోదైంది. ఎల్బింగ్ పదపట్టిక అని పేరుపడ్డ జర్మన్-ప్రష్యన్ పట్టికకు మనకు దక్కిన ప్రతి సుమారు 1400 నాటిది. అందులో 802 మాటలున్నాయి. ఆడగుర్రం పాలకు ఎదురుగా అందులో అస్వీనన్ అని రాసి ఉంది. అశ్వ అన్న వేరే అది. వుల్ఫ్‌స్టాన్ తన భాషలో రాసిన పానీయానికి, దాన్ని తాగినవాళ్ల భాషలో పేరు ఇలా దొరికింది. పాత ప్రష్యన్ పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో అంతరించింది. లిథువేనియన్, లాత్వియన్ మిగిలాయి.

దున్నేది, ఎక్కేది

ఇంగ్లీషులో హార్స్ అన్న ఒక్క మాటకు లిథువేనియన్‌లో రెండున్నాయి. నాగలికీ బండికీ కట్టేది అర్క్లీస్. ఈ మాట దున్నడం అని అర్థమిచ్చే అర్తి నుంచి వచ్చింది. పాతకాలపు కర్రనాగలి పేరు అర్క్లస్. ఎక్కి తిరిగేది జిర్గస్. కాళ్లు చాచి అడుగువేయడం, రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవడం అనే అర్థాలున్న జెర్క్తి దీనికి మూలం. రైతు ఉదయం దున్నిన గుర్రాన్నే సాయంత్రం జీను వేసి ఎక్కితే అది పొలంలో అర్క్లీస్, దారిలో జిర్గస్. జంతువు అదే, పని మారింది, పేరూ మారింది.

ఇంగ్లీషు అనువాదకులు జిర్గస్ కనిపించగానే స్టీడ్ అని రాసేస్తుంటారు. అది కావ్యభాష, ఈనాటి మాటల్లో వాడితే నాటకంలో సంభాషణలా ఉంటుంది. జిర్గస్ అలాంటిది కాదు. జానపద గీతాల్లో జిర్గెలిస్ అనే ముద్దుపేరుతో వినిపించే మాటే క్రీడాసంఘాల కాగితాల్లోనూ ఉంటుంది: అశ్వక్రీడ అంటే జిర్గూ స్పోర్తస్, అశ్వశాల అంటే జిర్గీనస్. తెలుగులో తురగం, హయం అన్నంత గ్రాంథికత దానికి లేదు. ఎదుటివైపు సంగతీ చూడాలి. దానమిచ్చిన గుర్రం పళ్లు చూడకూడదన్న సామెత రెండు భాషల్లోనూ ఉంది. లిథువేనియన్ సామెతలో ఉన్నది అర్క్లీస్. సంతలో పళ్లు చూసి ఈడు లెక్కగట్టేది పనిగుర్రానికే కదా.

మగగుర్రం ఎర్జిలస్, ఆడగుర్రం కుమెలే, పిల్ల కుమెల్యూకస్. ఇంగ్లీషులో ఇవి స్టాలియన్, మేర్, ఫోల్. పిల్లల్లో మళ్లీ మగదాన్ని కోల్ట్ అని, ఆడదాన్ని ఫిల్లీ అని ఇంగ్లీషు విడదీస్తుంది. విత్తుకొట్టిన గుర్రానికి ఇంగ్లీషులో గెల్డింగ్ అనే మాట నార్స్ భాష నుంచి వచ్చింది. లిథువేనియన్ క్రియ రోమీతికి రెండర్థాలు: విత్తుకొట్టడం, శాంతపరచడం. చేసే పనినీ దాని ఫలితాన్నీ ఒక్క మాటే చెప్పేస్తుంది.

ఇంగ్లీషు పట్టికను పైనుంచి కిందికి చదివితే ఆ దేశచరిత్ర కనిపిస్తుంది. హార్స్, మేర్, ఫోల్ ఆంగ్లో-శాక్సన్లవి. గెల్డింగ్ వైకింగులది. స్టాలియన్, గ్యాలప్, పాల్‌ఫ్రీ, కోర్సర్ 1066 తర్వాత ఫ్రెంచి మాట్లాడే దొరలతో దిగాయి. మార్షల్ అన్న పెద్ద పదవి పేరు కూడా లాయంలో పుట్టిందే. గుర్రం, సేవకుడు అనే రెండు పాత జర్మానిక్ మాటలు కలిసి ఫ్రెంచి మీదుగా తిరిగివచ్చి మార్షల్ అయ్యాయి. మేర్ అన్న మాటకు అందులోని తొలిసగం తోబుట్టువు. లాయంలో గుర్రాలను తోమేవాడి పేరు చివరికి సేనాధిపతి భుజం మీద బిరుదై కూర్చుంది.

యోతి, వజ్యువోతి

ఇంగ్లీషులో రైడ్ గుర్రానికీ సైకిలుకూ బస్సుకూ ఒక్కటే. లిథువేనియన్‌లో గుర్రం వీపు మీద వెళ్తే యోతి, చక్రాల మీదో జారుబండి మీదో వెళ్తే వజ్యువోతి. గుర్రం కట్టిన బండిలో కూర్చున్నా అది వజ్యువోతే. గుర్రం ఉందా లేదా అన్నది కాదు, మనిషి ఎక్కడ కూర్చున్నాడన్నదే లెక్క.

సంస్కృతం తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ రెండూ కొత్తవి కావు. యోతికి యాత్ర, యానం మాటల్లోని యా ధాతువు బంధువు. వజ్యువోతి, మోసుకెళ్లడమనే వెజ్తి – ఈ రెండూ వాహనంలోని వహ్ ధాతువుకు బంధువులు. చక్రానికి లిథువేనియన్‌లో రతస్, బండికి దాని బహువచనమే రతై, అది రథం. కాడికి యుంగస్, అది యుగం, ఇంగ్లీషులో యోక్. ఒక రైతు గుర్రాన్ని బండికి పూన్చి సంతకు వెళ్లడాన్ని వర్ణించాలంటే సగం మాటలు మనకు చుట్టాలే.

యోతికి ముందు చేర్చే చిన్నచిన్న ఉపసర్గలు ఆ భాష చేతివాటం చూపిస్తాయి. ఇష్‌యోతి అంటే గుర్రమెక్కి బయల్దేరడం, అత్‌యోతి అంటే గుర్రం మీద వచ్చి చేరడం, పర్‌యోతి అంటే గుర్రం మీద ఇల్లు చేరడం. ‘గుర్రం మీద ఇంటికి తిరిగొచ్చాడు’ అని మనం నాలుగు మాటల్లో చెప్పేదాన్ని లిథువేనియన్ పర్‌యోయో అని ఒక్క మాటలో తేల్చేస్తుంది. ఇంగ్లీషుకు కూడా అక్కడ మూడు మాటలు కావాలి. రౌతుకు రైతెలిస్ అని పేరు. గుర్రమెక్కి ఉన్నవాడు అనే విశేషణం రైతస్. మన రౌతుకూ రైతుకూ దగ్గరగా వినబడటం కాకతాళీయమే. రౌతు రాజపుత్ర శబ్దం నుంచి దిగింది, రైతు అరబ్బీ నుంచి వచ్చింది.

జీను, కళ్లెం, అంకవన్నె

సరంజామా మొత్తానికి ఇంగ్లీషు రౌతులు ట్యాక్ అంటారు, అది ట్యాకిల్‌కు పొట్టిరూపం. లిథువేనియన్‌లో జీను బల్నస్. రికాబుకు బల్నకిల్పే అని పేరు. కిల్పా అంటే ఉచ్చు, కాబట్టి అది జీను-ఉచ్చు. ఇంగ్లీషు స్టిరప్ పాత రూపంలో స్టీగ్‌రాప్, అంటే ఎక్కే తాడు. ఒకరికి ఆ వస్తువు ఎక్కడ వేలాడుతుందో ముఖ్యమైంది, మరొకరికి దాంతో ఏం చేస్తారో ముఖ్యమైంది. మన నిఘంటువుల్లో దీనికి అంకవన్నె అనే చక్కని మాట ఉన్నా, జనం నోట రికాబే నిలిచింది. జీను, లగాము, రికాబు, నాడా అన్నీ పారశీకం, అరబ్బీల నుంచి దక్కను సైన్యాలతో మనకు చేరినవే. పాలించినవాళ్లతో పాటు గుర్రపు మాటలు దిగడం ఇంగ్లండుకే ప్రత్యేకమేమీ కాదు.

పొట్టకింద బిగించే పట్టీని ఇంగ్లీషులో గర్త్ అంటారు, చుట్టుకొలతకూ అదే మాట. లిథువేనియన్‌లో పవర్జా, బిగించడమనే క్రియ నుంచి పుట్టింది. ముక్కునూ దవడనూ చుట్టి కట్టే తలకట్టుకు అపీనస్రిస్ అని పేరు. అపీ అంటే చుట్టూ, నస్రై అంటే దవడలు. మడమకు కట్టే ముల్లు పెంతినస్, అది మడమ పేరు నుంచే వచ్చింది. కోడిపుంజు కాలికుండే ముల్లునూ అదే మాటతో పిలుస్తారు. ఈ విషయంలో ఇంగ్లీషు స్పర్‌దీ అదే తీరు.

నిఘంటువు వాడేవాళ్లను తికమకపెట్టేది వచనం. తలకట్టూ కళ్లెమూ కలిసిన కామనోస్, నోట్లోని ఇనుపకడ్డీ జాస్లై, జూలు అనే కర్చై – ఇవన్నీ లిథువేనియన్‌లో బహువచనంలోనే ఉంటాయి. ఇంగ్లీషులో బ్రిడిల్, బిట్, మేన్ ఏకవచనాలు. ఒక గుర్రానికి ఒక కళ్లెమే ఉన్నా వాక్యంలో క్రియకు ముందు ‘కళ్లేలు’ వచ్చి కూర్చుంటుంది.

పగ్గాల దగ్గర మరో మెలిక ఉంది. ఇంగ్లీషులో రౌతు పట్టేవీ బండివాడు పట్టేవీ రెయిన్స్ అనే ఒక్క మాటే. లిథువేనియన్ బండివాడు పట్టేది వాజ్యోస్, రౌతు పట్టేది పావదీస్. రెండింటికీ నడిపించడమనే క్రియే పునాది. నాయకుణ్ని వాదస్ అనడమూ అక్కడినుంచే. కళ్లెం వేయడమనే జబోతి నాలుకకూ వర్తిస్తుంది, మనం నోటికి కళ్లెం వేసుకోమన్నట్టే.

కొలతల్లో పొరపాటు జరిగితే గుర్రం సైజే మారిపోతుంది. ఇంగ్లీషువాళ్లు గుర్రం ఎత్తును హ్యాండ్లలో కొలుస్తారు, ఒక హ్యాండ్ 4 అంగుళాలు. 14.2 అని రాస్తే 14 హ్యాండ్ల మీద 2 అంగుళాలని అర్థం, దశాంశం కాదు. అంటే 58 అంగుళాలు, సుమారు 147 సెంటీమీటర్లు. లిథువేనియన్లు నేల నుంచి గోగస్ దాకా, అంటే మూపు దాకా, సెంటీమీటర్లలోనే కొలుస్తారు. ఎడమ, కుడి పక్కలకు ఇంగ్లీషు రౌతులు నియర్, ఆఫ్ అనే వేరే మాటలు వాడతారు. లిథువేనియన్‌లో మామూలు ఎడమ, కుడి చాలు.

నడకలు, ఆటలు

ఇంగ్లీషు నాలుగు నడకలను లెక్కిస్తుంది: వాక్, ట్రాట్, కాంటర్, గ్యాలప్. కాంటర్ పేరు కాంటర్‌బరీ నుంచి వచ్చింది. అక్కడి పుణ్యక్షేత్రానికి వెళ్లే యాత్రికుల గుర్రాలు అంత తొందరా అంత నిదానమూ కాకుండా నడిచిన తీరుకు ఆ ఊరి పేరు అంటుకుంది. లిథువేనియన్‌లో మెల్లనడకకు జింగినె, దాని తర్వాతిదానికి రిష్చా. ఆపైన షువోల్యై, అంటే దూకుళ్లు. కాంటర్, గ్యాలప్ రెండూ అందులోనే ఇమిడిపోతాయి. పరుగు వేగాన్ని ప్రత్యేకంగా చెప్పాలనుకుంటే పోలిష్ నుంచి వచ్చిన జొవదా ఉంది. అనువాదంలో నొప్పి పుట్టేది ఇక్కడే. కాంటర్‌కు ఇదీ అని చూపించగల ఒక్క మాట లేదు, సందర్భాన్ని బట్టి ‘తేలిక దూకుళ్లు’ అని చెప్పుకోవాలి. అమరకోశం గుర్రపు నడకలు అయిదని ధౌరితకం, వల్గితం, ప్లుతం వంటి పేర్లు చెప్పింది. మనకూ ఇప్పుడు దౌడు తప్ప మిగతావి నోట లేవు.

ఆటల మాటల్లో లిథువేనియన్ రెండు దారులు తొక్కింది. కొన్నిటిని సొంతంగా కట్టుకుంది. డ్రెస్సేజ్‌ను దైలూసిస్ యోయిమస్ అంటారు, అంటే సొగసైన స్వారీ. మూడు పరీక్షలున్న ఈవెంటింగ్ త్రీకోవే, అంటే మూడు పోరులు. మిగతావి అరువు సరుకు. అడ్డంకులు దూకే పోటీకి కొంకూరస్, లోపలి అభ్యాసస్థలానికి మనియెజస్ ఫ్రెంచి నుంచి, రేసు రౌతుకు జొకేయుస్, చిన్నజాతి గుర్రానికి పోనిస్ ఇంగ్లీషు నుంచి వచ్చాయి. జాకీ అన్న మాట మలక్‌పేట రేసుకోర్సుకూ అదే తల్లి దగ్గరినుంచి వచ్చిందన్నది వేరే చెప్పనక్కర్లేదు.

రంగులు

గోధుమ ఒళ్లు, నల్ల జూలు ఉన్న గుర్రాన్ని ఇంగ్లీషులో బే అంటారు, లిథువేనియన్‌లో బేరస్. మాటలు దగ్గరగా వినిపించినా చుట్టరికం లేదు: బే ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది. ఎలుగుబంటికి ఇంగ్లీషులో ఉన్న బేర్ అనే పేరుకు, గోధుమరంగు అనే అర్థం ద్వారా, లిథువేనియన్ బేరస్ బంధువని ఒక వాదం. ఎర్రని చెస్ట్‌నట్ గుర్రం సర్తస్. బూడిదరంగుది షిర్మస్. ఒంటిమీద గుండ్రని మచ్చలు తేలిన బూడిదగుర్రానికి ఒబువోల్ముషిస్ అని పేరు, అక్షరాలా అర్థం చెబితే ‘ఆపిళ్లతో కొట్టించుకున్నది’. ఈ జాబితాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ఇదే. నలుపు తెలుపు మచ్చలున్న గుర్రం కెర్షస్. అది మన కృష్ణ శబ్దానికి బంధువు. నల్లని అని అర్థమిచ్చే పాత ప్రష్యన్ మాట కిర్స్నన్ మధ్యలో సాక్ష్యం చెబుతుంది.

జాతులు, చోట్లు

పశ్చిమ లిథువేనియాలోని జెమైతియా ప్రాంతపు పొట్టి, గట్టి గుర్రం జెమైతుకస్. మూపు దగ్గర 130-140 సెంటీమీటర్ల ఎత్తు ఉండే ఈ జాతి, 1990లు వచ్చేసరికి కొన్ని పదుల సంఖ్యకు పడిపోయి, సంరక్షణతో తిరిగి కోలుకుంది. పేరును ఇంగ్లీషు పుస్తకాలు అనువదించకుండా అలాగే వాడుకుంటున్నాయి. ఇంగ్లీషు రౌతులందరికీ తెలిసిన ట్రకేనర్ జాతిదీ బాల్టిక్ పేరే. 1732లో ప్రష్యా రాజు మొదటి ఫ్రెడరిక్ విల్యం ట్రకేనెన్‌లో అశ్వశాల పెట్టాడు. ఆ ఊరు ఇప్పుడు రష్యాలోని కాలినిన్‌గ్రాద్ ప్రాంతంలో ఉంది. అడవి కొట్టి, కాల్చి చదును చేసిన చోటును లిథువేనియన్‌లో త్రాకస్ అంటారు. ఊరి పేరుకు అదే మూలమంటారు. జర్మన్ల చేతిమీదుగా ఇంగ్లీషులోకి చేరిన ఈ మాటలో బాల్టిక్ నేల ఉందని గుర్రాన్ని ఎక్కేవాళ్లలో ఎందరికి తెలుసో.

దేశచిహ్నం మీదా రౌతే ఉన్నాడు. కత్తి ఎత్తి తెల్లగుర్రం మీద దూసుకుపోయే ఆ వీరుడి పేరు వీతిస్, తరమడమనే వీతి క్రియ నుంచి వచ్చింది. 14వ శతాబ్దపు రాజముద్రల మీద కనిపించిన రూపం 1918లో స్వతంత్ర దేశపు చిహ్నమైంది. 1990లో మళ్లీ వచ్చింది. 2015 నుంచి లిథువేనియా యూరో నాణేలన్నిటి మీదా అదే ఉంది. ఇళ్ల కప్పు కొనల్లో చెక్కిన గుర్రపుతలలను కూడా జిర్గెలియై అంటారు.

ట్రాక్టర్లు వచ్చాక బండికి సంబంధించిన మాటలు ముందుగా జారిపోయాయి. గుర్రం మెడకు వేసే పట్టెడ, బండికి రెండువైపులా ఉండే నొగల పేర్లు ఈ తరం పట్టణపిల్లలకు పాఠంలో చెప్పాల్సినవే. అనీక్ష్చై పట్టణం దగ్గర న్యూరోనీస్ పల్లెలో 1978లో తెరిచిన గుర్రపు మ్యూజియంలో ఆ వస్తువులు, పేర్లు రెండూ భద్రంగా ఉన్నాయి. వ్యవసాయ శాస్త్రవేత్త పెత్రస్ వాసినౌస్కస్ చొరవతో అది మొదలైంది.

మాటలు ఇంకా నోట ఆడే చోటు ఈశాన్యంలోని దుసెతోస్. సార్తై సరస్సు గడ్డకట్టాక ఆ మంచు మీద రిస్తూనస్ గుర్రాలను, అంటే రిష్చా పరుగుకు పెంచినవాటిని, ఫిబ్రవరిలో పందెం కట్టి తోలడం 1905 నుంచి అధికారికంగా సాగుతోంది. సర్తస్ ఎర్రగుర్రం పేరు, సార్తై సరస్సు పేరు. ఊళ్లో వాళ్లకు ఈ పోలిక మంచి సరదా. చలి తగ్గి మంచు పలచగా ఉన్న ఏళ్లలో పందెం ఒడ్డున ఉన్న మైదానానికి మారుతుంది. గుర్రాన్ని ఆపడానికి ఇంగ్లీషువాడు ‘వోవ్’ అంటాడు. అక్కడ పెదవులు బిగించి ‘త్ప్రూ’ అంటారు.